కుమారుడు కూడా రచనలు చేస్తుంటారు

తార్నాకలో బొల్లంపల్లి భానుప్రకాశ్ ఇల్లెక్కడ అని అడిగి చూడండి. పాలవాడికి తెలియదు, ఇస్త్రీబండి మల్లన్నకు తెలియదు, కింది ఫ్లాటులో పదేళ్ళుగా ఉంటున్నవాళ్ళకూ తెలియదు. ‘లక్ష్మయ్య సారు ఇల్లు’ అనండి, మల్లన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గేటుదాకా వచ్చి మరీ చూపిస్తాడు. లక్ష్మయ్య సారు పోయి పద్నాలుగేళ్ళయింది. పోయిన మనిషికి అడ్రసు ఉంది, ఉన్న మనిషికి లేదు.

లక్ష్మయ్య సారంటే మామూలు మనిషి కాదు. యూనివర్సిటీలో తెలుగు చెప్పాడు, కవిత్వం రాశాడు, సభల్లో గర్జించాడు. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. పేరు చెబితే ఆ ఒక్కటి నొచ్చుకుంటుంది, చెప్పకపోతే అన్నీ పక్కదాని సంగతేలే అనుకుని సంతోషిస్తాయి. ఆయన భార్య వేదవతమ్మ పాడేది. ఆయన రాసింది ఆమె పాడితే పదివేల మంది లేచి నిలబడేవారు. ఆమె పాడకపోతే ఆయన రాసింది పదిమంది చదివేవారని గిట్టనివాళ్ళు అంటారు. ఆ గిట్టనివాళ్ళలో మొదటి పేరు వేదవతమ్మదే కాబట్టి ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

ఈ ఇద్దరికీ 1967లో, క్యాంపస్ క్వార్టర్సులో, భానుప్రకాశ్ పుట్టాడు. కొడుకు పుట్టాడని తండ్రి పాట రాశాడు, తల్లి పాడింది, సర్కారువారు దాన్ని తొమ్మిదో తరగతి పాఠం చేశారు. పిల్లవాడు తొమ్మిదికి వచ్చేసరికి పరీక్షలో సరిగ్గా ఆ పాటకే భావం రాయమన్నారు. తన పుట్టుకకు తనే భావం రాసి పదికి నాలుగు తెచ్చుకున్నాడు. దిద్దిన మాస్టారు ఎర్రసిరాతో ‘కవి హృదయం గ్రహించలేదు’ అని రాశాడు. మన రచయితగారి సాహిత్య జీవితం అక్కడ మొదలైందనుకోవచ్చు. ఆ తర్వాత కూడా అంతకంటే ఎక్కువ మార్కులు ఎవరూ వేయలేదు.

పందొమ్మిదో ఏట మొదటి కవిత అచ్చయితే పత్రికవాళ్ళు దాని పైన తండ్రి ఫొటో వేశారు. ఇరవై ఆరో ఏట మొదటి పుస్తకం వచ్చింది. తండ్రి స్నేహితుడొకాయన పద్నాలుగు పేజీల ముందుమాట రాశాడు. పదమూడు పేజీలు లక్ష్మయ్య గారితో తాను తాగిన చాయల గురించి, అర పేజీ వేదవతమ్మ చేసే సర్వపిండి గురించి. మిగిలిన అర పేజీలో ‘ఈ చిరంజీవి ఇంకా చాలా రాయాలి’ అన్న ఆశీర్వాదం, తేదీ, సంతకం. ఆవిష్కరణ సభలో శాలువాలన్నీ తండ్రి భుజాల మీద పడ్డాయి. తల్లి మూడు పాటలు పాడితే జనం నాలుగోది అడిగారు. ఈ సందట్లో పుస్తకం మీద రిబ్బను విప్పడం మరిచిపోయి అందరూ భోజనాలకు లేచారు.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని ఊరంతా తిరిగేవాళ్ళు కొందరుంటారు. పాపం, భానుప్రకాశ్ ఏనాడూ అలా తిరగలేదు. ఆయన శుభ్రంగా మూతి కడుక్కుని వచ్చినా జనమే దగ్గరికి జరిగి వాసన చూసి పోయేవారు. ఒకసారి తెగించి, కొమురెల్లి అని మారుపేరు పెట్టుకుని నాలుగు కథలు నాలుగు పత్రికలకు పంపాడు. నాలుగూ పదిహేను రోజుల్లో తిరుగుటపాలో వచ్చాయి. అవే కథలు సొంత పేరుతో పంపితే నాలుగూ అచ్చయ్యాయి. దీన్ని గెలుపనాలో ఓటమి అనాలో తెలియక మనిషి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఉద్యోగమూ అదే దారిన వచ్చింది. తండ్రి ఒక్క ఫోను చేశాడు, కొడుకు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా అయ్యాడు. ముప్పై ఏళ్ళు మార్కుల మెమోలు, రీవాల్యుయేషన్లు, డూప్లికేట్లు. కిటికీకి అవతల క్యూ, ఇవతల ఈయన. ఈమధ్యే సూపరింటెండెంటు అయ్యాడు. పెళ్ళి కాలేదు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ వేదవతమ్మ చేత ఒక పాట పాడించుకుని, చాలా సంతోషమని చెప్పి వెళ్ళిపోయారు. ఏటా తండ్రి జయంతికి రామంతాపూర్ టీవీవాళ్ళు కారు పంపేవారు. తెర మీద ఈయన ముఖం కింద ‘లక్ష్మయ్య గారి కుమారుడు’ అని పడేది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, జుట్టు నెరిసింది, షుగరు వచ్చింది, మనిషి ఇంకా కుమారుడే.

మొత్తం ఎనిమిది పుస్తకాలు రాశాడు. ఏడింటిలో ఉద్యమాలు, ఉదయించే సూర్యుళ్ళు, పిడికిళ్ళు ఉన్నాయి. అవన్నీ నాయన సామాన్లే, కొడుకు దుమ్ము దులిపి మళ్ళీ సర్దాడు. ఎనిమిదోది మాత్రం లాక్‌డౌన్ ఏడాదిలో వచ్చింది కాబట్టి ముందుమాట లేదు, సభ లేదు, శాలువా లేదు. రెండు వందల కాపీల చిన్న కథల పుస్తకం, పేరు ‘డూప్లికేట్ మెమో’. అందులో అదే పేరున్న కథ ఏమిటంటే, ఒక రైల్వే ఖలాసీ కూతురు డిగ్రీలో ఒక పేపరు తప్పి రీవాల్యుయేషన్‌కు పెడుతుంది. ఫలితం రాకముందే జ్వరంతో చనిపోతుంది. ఆ తర్వాత పాసైనట్టు వస్తుంది. ఆ కాగితం ఒక్కటి ఇప్పించమని తండ్రి కిటికీ దగ్గరికి వస్తాడు. అభ్యర్థే వచ్చి సంతకం పెట్టాలంటాడు గుమాస్తా. మూడోసారి వచ్చినప్పుడు గుమాస్తా కళ్ళ నీళ్ళతో మెమో తీసి ముసలాయన చేతిలో పెడతాడు. చదివిన నలుగురూ బాగుందన్నారు. ఆ నలుగురిలో ఒకరు ప్రూఫులు దిద్దినాయన.

ఇక థీసిస్‌ల సంగతి. లక్ష్మయ్య గారి మీద ఆరు పీహెచ్‌డీలు వచ్చాయి, వేదవతమ్మ పాట మీద మూడు. తొమ్మిదిమందికీ ఫొటోలు వెతికిపెట్టింది, తేదీలు చెప్పింది, చాయ పోసింది భానుప్రకాశే. తొమ్మిది థీసిస్‌లలోనూ మొదటి అధ్యాయం చివర ఒకే వాక్యం: ‘వీరి ఏకైక కుమారుడు భానుప్రకాశ్ కూడా రచనలు చేస్తుంటారు.’ ఆ ‘కూడా’ ఆయన గొంతులో చేపముల్లులా దిగబడింది. తల్లి పాట కావాలనో తండ్రి పేరు కావాలనో ఆయన ఎవరినీ అడగలేదు. పుట్టి బట్టకట్టినందుకు ఎవరో ఒకరు తన గురించి, కేవలం తన గురించి, నాలుగు పేజీలు రాస్తే చాలు. తిట్టినా సరే. ఈ కోరికను ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ తల్లికి తెలుసు. తల్లికి తెలియనివి తక్కువ.

అలాంటి ఇంటికి నాలుగేళ్ళ కింద నవనీత అనే అమ్మాయి వచ్చింది. లాలాగూడ నుంచి బస్సులో వచ్చానంది. భానుప్రకాశ్ అలవాటు కొద్దీ తండ్రి ఫొటోల ఆల్బం తీశాడు.

“అది వద్దు సార్,” అందామె. “నా టాపిక్ మీరు. ‘బొల్లంపల్లి భానుప్రకాశ్ జీవితం, సాహిత్యం’.”

ఆయన ఆల్బం మూయడం కూడా మరిచిపోయాడు. ఆమె రెండే ప్రశ్నలు అడిగింది.

“‘డూప్లికేట్ మెమో’ కథ నిజంగ జరిగిందా సార్?”

“కథకు బీజమన్నది జీవితంలోనే ఉంటది గదమ్మా,” అన్నాడు, సభలో మాట్లాడే గొంతుతో.

“ఆ గుమాస్తా మీరేనా?”

భానుప్రకాశ్ తల కొంచెం వంచి, “అనుకోవచ్చు,” అని వినయంగా నవ్వాడు. నవనీత ఆయన ముఖం వైపు కాసేపు చూసింది. నోటుబుక్కులో ఏమీ రాసుకోలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు. రచయితలు లోకాన్ని సూక్ష్మంగా పరిశీలిస్తారని అంటారు గదా!

నాలుగేళ్ళు గడిచాక, మొన్న ఎండాకాలంలో, థీసిస్ డ్రాఫ్టు ఇంటికి వచ్చింది. తప్పులుంటే చెప్పమని గైడు కమలాకర్ సారు పంపించాడు. రెండు వందల పన్నెండు పేజీలు. భానుప్రకాశ్ తలస్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, బాల్కనీలో కూర్చుని తెరిచాడు. ఎనభై మూడేళ్ళ వేదవతమ్మ ఎదురుగా చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

“చదువు, నేను గూడ వింట,” అంది.

“‘భానుప్రకాశ్ 1936లో నల్లగొండ జిల్లాలో జన్మించారు.’”

“మీ నాయన గదరా ముప్పై ఆరు?”

“అచ్చుతప్పేమోనే.” గబగబా కిందికి పోయాడు. “‘అరవై తొమ్మిది ఉద్యమంలో మూడు నెలలు జైలుశిక్ష అనుభవించారు.’”

“అరవై తొమ్మిదిల నీకు రెండేండ్లు. నడుసుడే సక్కగ రాకపాయె, జైలుకెట్ల పోయినవ్?” వేదవతమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. ఆమెకు హుషారొచ్చింది. “తర్వాత?”

తర్వాతది చదవడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమే కాగితాలు లాక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పాడే గొంతుతో చదివింది.

“‘ప్రముఖ గాయని వేదవతిని భానుప్రకాశ్ ఆదర్శ వివాహం చేసుకున్నారు.’ ఓయమ్మో! ‘వీరి ఏకైక కుమారుడు భానుప్రకాశ్ కూడా రచనలు చేస్తుంటారు.’ అరె భానూ, నిన్ను నువ్వే కన్నవ్ రా! నాకు పురిటినొప్పులు దండుగ!”

ఆమె నవ్వు కింద ఇస్త్రీబండి దాకా వినబడింది. కొడుకు ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

నాయన మీద వచ్చిన పాత థీసిస్ తెచ్చి, కంప్యూటరులో ‘లక్ష్మయ్య’ ఉన్న చోటల్లా ‘భానుప్రకాశ్’ అని ఒక్క దెబ్బకు మార్చేశారు. అంతే. భానుప్రకాశ్‌కు కోపం తలకెక్కింది. చదివినకొద్దీ ఇంకొకటి కూడా జరిగింది, అది చెప్పుకోవడానికి సిగ్గు. ఆ జీవితం బ్రహ్మాండంగా ఉంది. జైలు, ఊరేగింపు, లాఠీదెబ్బ, పదివేల చప్పట్లు, అన్నీ తన పేరుతో. ఒక పేజీ రెండోసారి కూడా చదివాడు.

అప్పుడు కనబడింది అసలు సంగతి. విషయసూచికలో ‘డూప్లికేట్ మెమో: ఒక పాఠకురాలి మాట, పుటలు 181–186’ అని ఉంది. లోపల చూస్తే 180 తర్వాత 187. ఆరు పేజీలు లేవు.

మిగతా రెండు వందల పేజీలు నాయనవి. ఆ ఆరు మాత్రం మార్చి రాసినవి కావు, ఎందుకంటే నాయన అలాంటి కథ రాయలేదు. అంటే ఆ ఆరు పేజీలూ ఎవరో తన గురించి సొంతంగా రాసినవి. యాభై ఎనిమిదేళ్ళకు మొదటిసారి. ఆ పేజీలే లేవు. దొరికింది దొరికినట్టే నోటికాడి నుంచి పోతే ఎవరికైనా ఎలా ఉంటుంది?

చెప్పులేసుకుని రాహేలు షాపుకు పోయాడు. తార్నాక చౌరస్తా దాటాక సందులో రాహేలుకు ఒక జిరాక్సు మిషను, రెండు కంప్యూటర్లు ఉన్నాయి. క్యాంపస్‌లో ఇరవై ఏళ్ళుగా వచ్చిన తెలుగు థీసిస్‌లు సగం ఆమె టైపు చేసినవే. ఆ లెక్కన తెలుగు సాహిత్యం మీద ఆమెకున్నంత అధికారం ఏ ప్రొఫెసరుకూ లేదు.

“ఇదేం పని రాహేలమ్మా?” డ్రాఫ్టు కౌంటరు మీద పడేశాడు.

“ఎందుకు సార్ పరేషానైతరు?” రాహేలు చాయ తెప్పించింది. “మొదటి మూడు చాప్టర్లు అందరు గిట్లనే చేస్తరు. ఎవ్వరు చదువరు. ఆ పిల్ల చేయనన్నది, సొంతంగ రాస్తనన్నది. కమలాకర్ సారే పాత ఫైలు ఇచ్చి మార్చమన్నడు. గడువు దగ్గరికొచ్చిందంట.”

“మా నాయన జైలుకు నన్ను పంపిస్తరా?”

“మీ నాయనదెక్కడిది సార్? మీ నాయన మీది థీసిస్ నేనే చేసిన. దాన్ల వరంగల్ దిక్కు కవి ఒకాయన ఫైలుండె. ఆయన పేరు తీసి మీ నాయన పేరు పెట్టిన. ఆ జైలు ఆయనది.”

భానుప్రకాశ్ చాయ తాగకుండానే కౌంటరు మీద పెట్టేశాడు. “ఆ ఆరు పేజీలేవి?” అన్నాడు.

“అవి కమలాకర్ సార్ తీపిచ్చిండు. ఫైలు ఆ పిల్ల పట్టుకపోయింది. నన్ను అడగకున్రి, ఆమెనే అడుగున్రి.” రాహేలు కంప్యూటరు వైపు తిరిగింది. “నేనైతే చదివిన సార్,” అంది మెల్లగా. అంతకుమించి ఎంత అడిగినా చెప్పలేదు.

నవనీత ఫోను ఎత్తలేదు. ఇంటికొచ్చి తల్లిని జైలు సంగతి అడిగాడు.

“మూడు నెలలు కాదు, ఏం కాదు. ఒక్క దినం టేషన్ల కూసుండవెట్టిన్రు. చాయ గూడ పోసిన్రంట,” అంది వేదవతమ్మ. “తర్వాత ఎవడో మూడు నెలలని రాసిండు. మీ నాయన అవుననలే, కాదనలే. రెండేండ్లు పొయ్యేసరికి సభల్ల ఆ జైలుగోడల గురించి ఆయనే చెప్పవట్టిండు. నేను పక్కన కూసోని విన్న.”

“నువ్వన్న చెప్పకపోతివి?”

“నన్ను పాట పాడమన్నరు గని మాట ఎవలడిగిన్రు? మీ ఇంట్ల మగోళ్ళకు రాసుకున్నదే జరిగినట్టు.”

‘మగోళ్ళు’ అని ఆమె ఇద్దరినీ కలిపి అంది. కొడుకు అది తండ్రికే పంపించేశాడు.

మర్నాడు కమలాకర్ సారు గదికి పోయాడు. కమలాకర్ సారు ఇప్పటికి ఇరవై ముగ్గురిని డాక్టర్లను చేశాడు. లక్ష్మయ్య గారి శిష్యుడు కూడా, కాబట్టి భానుప్రకాశ్‌ను చూడగానే లేచి నిలబడి గోడ మీద ఉన్న లక్ష్మయ్య గారి ఫొటోకు నమస్కారం పెట్టాడు.

“జైలు, పెండ్లి, గవన్ని తప్పులు సారూ,” అన్నాడు భానుప్రకాశ్.

“పెండ్లి తీసేస్తం. పుట్టిన తేదీ మారుస్తం. జైలు ఉండనియ్యి తమ్మీ, దానికి ఫుట్‌నోట్ ఉన్నది.”

“నేను జైలుకు పోలేదు!”

“పోలేదనడానికి ఆధారం ఉన్నదా?”

భానుప్రకాశ్ దగ్గర ఆధారం లేదు. జైలుకు పోని మనిషికి జైలు కాగితం ఎవరిస్తారు?

“మరి ఆ ఆరు పేజీలు?”

కమలాకర్ సారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “నీ మర్యాద కోసమే తీసేయించిన. అన్ని మాటలు రాసింది, ఒక్కదానికి గూడ ఆధారం లేదు. ఫలానా పుస్తకం, ఫలానా పేజీ అని ఉండాలె గద? నెలాఖరుకు గడువు. గిప్పుడు నువ్వు లొల్లి పెడితే ఆ పిల్ల నాలుగేండ్ల చదువు గంగల కలుస్తది. ఆలోచించుకో.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! ఆలోచించుకోవడానికి ఏముంది? భానుప్రకాశ్ సరే అన్నాడు. అమ్మాయి భవిష్యత్తు కోసం అని తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజమే, పూర్తిగా కాదు. ‘ఫుట్‌నోట్ ఉన్నది’ అన్న మాట చెవులకు ఎక్కడో హాయిగా కూడా ఉంది.

ఆగస్టులో వైవా పెట్టారు. బయటివాళ్ళు కూడా కూర్చోవచ్చు గనుక సెమినారు హాలు నిండింది. సగంమంది వేదవతమ్మ వస్తుందేమోనని వచ్చారు, మిగతా సగం సమోసాలకు. మొదటి వరుస చివర ఖాకీ చొక్కా వేసుకున్న ఒక ముసలాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నవనీత తండ్రి అని రాహేలు చెప్పింది. ఆయన పుస్తకం చదివినట్టు భానుప్రకాశ్ వైపే చూస్తున్నాడు. ఎక్కడో చూసినట్టు అనిపించింది గానీ, ముప్పై ఏళ్ళు కిటికీ వెనక కూర్చున్నవాడికి అందరూ ఎక్కడో చూసినట్టే ఉంటారు.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మూడు ప్రశ్నలడిగాడు, మూడూ లక్ష్మయ్య గారి మీద. తర్వాత చేతులు జోడించి, “మన భాగ్యం కొద్దీ రచయితే ఇక్కడున్నారు. వారి జైలు జీవితం గురించి రెండు మాటలు వినిపిస్తే ధన్యులమవుతాం,” అన్నాడు.

భానుప్రకాశ్ మైకు ముందుకు వచ్చాడు. ఆ ముసలాయన చూపు ఇంకా అలాగే ఉంది. ఏమైందో ఏమో, మనిషికి ఒక్కసారిగా విసుగు పుట్టింది.

“నేను జైలుకు పోలే,” అన్నాడు. “అరవై తొమ్మిదిల నాకు రెండేండ్లు. లాఠీదెబ్బ తినలే. ఊరేగింపుల నడువలే. నేను పరీక్షల సెక్షన్ల పనిచేస్తున్న. అంతే.”

హాలంతా చప్పట్లు. మామూలు చప్పట్లు కావు, వెనకవాళ్ళు లేచి నిలబడ్డారు. పరీక్షకుడు కళ్ళు తుడుచుకున్నాడు. “ఎంత వినయం! చేసిన త్యాగాన్ని చేయలేదనడం ఆ రక్తంలోనే ఉంది. తండ్రికి తగ్గ తనయుడు!” కమలాకర్ సారు పరుగున వచ్చి శాలువా కప్పాడు. జీవితంలో మొదటి శాలువా. నవనీతకు డాక్టరేటు ప్రకటించారు. ఖాకీచొక్కా ముసలాయన ఒక్కడే చప్పట్లు కొట్టలేదు.

సమోసాల హడావిడిలో నవనీత ఆయన్ను హాలు వెనక మెట్ల దగ్గరికి పిలిచింది. సంచిలోంచి ఆరు కాగితాలు తీసి ఇచ్చింది.

“మీరు అడుగుతున్నరని రాహేలక్క చెప్పింది సార్. ఈడనే చదువున్రి.”

మెట్ల మీద కూర్చుని చదివాడు. మొదటి పేజీ చదువుతుంటే గుండె నిండిపోయింది. ‘ఈ రచయిత ఎవరి కుమారుడో ఈ పుస్తకం చదివినప్పుడు నాకు తెలియదు. మిగతా ఏడు పుస్తకాల్లో వేరేవాళ్ళ గొంతు వినిపిస్తుంది. ఈ ఒక్క కథలో ఆయన గొంతు ఉంది.’ భానుప్రకాశ్ ఈ వాక్యం కోసమే నలభై ఏళ్ళు ఎదురుచూశాడు. రెండు, మూడు, నాలుగు పేజీలు, ఒక్కొక్క పేరా పట్టుకుని రాసింది. కిటికీ ఎత్తు ఎంత, ముసలాయన మెడ ఎంత వంచాల్సి వచ్చింది, అన్నీ. ఇంత శ్రద్ధగా ఎవరు చదివారు తనను? అయిదో పేజీ తిప్పాడు.

‘కథలో గుమాస్తా మూడోసారికి మెమో ఇస్తాడు. నిజానికి ఆ తండ్రి పదకొండుసార్లు తిరిగాడు. గుమాస్తా ఇవ్వలేదు. ఈ కథలో బాగా రాసిన భాగమంతా జరిగింది. బాగా లేని భాగం ఒక్కటే జరగలేదు. కన్నీళ్ళు ఉన్న పేరా మాత్రమే అబద్ధం, అందుకే అక్కడ భాష కూడా ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉంది.’

భానుప్రకాశ్ ఆ పేరా మొదటికి వెళ్ళి మళ్ళీ చదివాడు.

“శైలజ మా అక్క సార్,” అంది నవనీత. “రైల్వే వర్క్‌షాప్ ఖలాసీ పోచయ్య మా నాయన. మీ పుస్తకం తార్నాకల ఫుట్‌పాత్ మీద దొరికింది. ఇంట్ల చదివి వినిపిచ్చిన. కడదాక విని, ‘గిట్ల ఇచ్చిండా? ఎవలికిచ్చిండు?’ అని అడిగిండు మా నాయన. నాకు జవాబు రాలే. అందుకే టాపిక్ తీసుకున్న. మొదటి రోజు మిమ్మల్ని అడిగిన గద, ఆ గుమాస్తా మీరేనా అని. అనుకోవచ్చు అన్నరు.”

“నేను... ఇచ్చిననే అనుకున్నమ్మా,” అన్నాడాయన. అది అబద్ధం కాదు, అదే ఘోరం. కథ రాసి నలుగురికీ చెప్పుకుని తిరిగేసరికి ఆయన మనసులో పోచయ్యకు మెమో అందిపోయింది. తండ్రికి జైలుగోడలు కట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది, కొడుక్కి ఆ మాత్రం కూడా పట్టలేదు.

“దీనికి ఆధారం లేదన్నడు కమలాకర్ సార్,” అంది నవనీత. “మా నాయననే తీసుకొచ్చి ముందట వరుసల కూసుండవెట్టిన.” కాగితాలు ఆయన దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గడిచాక పొద్దున్నే భానుప్రకాశ్ ఆఫీసుకు పోయి, ఎవరూ తీసుకోని మెమోలు పెట్టే ఇనప బీరువా తీయించాడు. సూపరింటెండెంటు స్వయంగా కింద కూర్చుని దుమ్ము దులుపుతుంటే అటెండరు బిత్తరపోయాడు. రెండు పూటలు వెతికాక 2012 కట్టలో దొరికింది. పి. శైలజ, బి.ఎస్సీ., రీవాల్యుయేషన్, ఉత్తీర్ణత. పన్నెండు, పదమూడేళ్ళుగా తన కుర్చీకి ఆరడుగుల దూరంలో ఉంది. తీసి ఇవ్వడానికి లేవాల్సింది ఒక్కసారి. రూలు ప్రకారం మెమో తీసుకున్నవాళ్ళు సంతకం పెట్టే రిజిస్టరు ఆఫీసు దాటకూడదు. మర్నాడు పొద్దున, సర్వీసులో మొదటిసారి రూలు తప్పి, రిజిస్టరు కూరగాయల సంచిలో పెట్టుకుని లాలాగూడ ఆటో ఎక్కాడు. శాలువా బాల్కనీలో మరిచిపోయాడు. వేదవతమ్మ దాని మీద వడియాలు ఎండబెట్టింది.

పోచయ్య తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు. భానుప్రకాశ్ గడప అవతల మెట్టు మీద నిలబడి కవరు అందించాడు.

“ఆగున్రి, అద్దాలు తెచ్చుకుంట,” అని పోచయ్య లోపలికి పోయాడు.

చాలాసేపు రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. భానుప్రకాశ్ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. పక్కింటావిడ బయటికొచ్చి ఎవరు కావాలని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఎవరి కొడుకో చెప్పుకుందామంటే ఈ గల్లీలో ఆ పేరు చెల్లేట్టు లేదు. “పరీక్షల ఆఫీసు నుంచి అమ్మా,” అన్నాడు.

పోచయ్య వచ్చాడు. మెమో వెలుతురుకు పట్టుకుని ఒక్కొక్క గీత మీద వేలు పెడుతూ కింది దాకా చదివాడు. కూతురి పేరు దగ్గర వేలు ఆగింది. తర్వాత రిజిస్టరు గడప మీద పెట్టించుకుని, వంగి సంతకం చేశాడు. పక్కన ‘అభ్యర్థితో సంబంధం’ అన్న గడిలో ‘నాయన’ అని రాశాడు.

కలం తిరిగి ఇస్తూ అడిగాడు.

“శైలజనే రావాలె, ఆమెనే సంతకం పెట్టాలె అంటిరి గద సార్ నాడు? పదకొండుసార్లు గదే చెప్తిరి. మరి గిప్పుడెవలొచ్చిన్రని ఇచ్చిన్రు?”

ఎనిమిది పుస్తకాలు రాసిన మనిషి రిజిస్టరు తీసి కూరగాయల సంచిలో పెట్టుకున్నాడు. పోచయ్య తలుపు మెల్లగా దగ్గరికి వేసుకున్నాడు.